రెండు గంపల బియ్యం

ముందే చెప్తాండా, నాకు రాసేది సరిగా రాదు. ఐదో తరగతి దాకా పోయినా, అంతే. ఒత్తు యాడ పెట్టల్ల, దీర్ఘం యాడ తీయల్ల అనేది ఇప్పటికీ అనుమానమే. మా బిడ్డ "నువ్వు సెప్పుమా, నేను రాస్తా" అనె. వద్దంటిని. మా పాత ఫాదరు గురించి నా చేత్తోనే రాయల్ల అనిపించినాది. మా ఊరి గుడి పండక్కి ఒక పుస్తకం వేస్తాండారంట. ఇప్పుడుండే కొత్త ఫాదరు "పాత ఫాదర్లను చూసినోళ్ళు ఎవురన్నా రాయండి, ఇప్పటి పిల్లోళ్ళకు వాళ్ళు తెలీదు" అని చెప్పి పంపినాడు. రాస్తాండా, కానీ భయమైతాంది. సంగటి కెలికే చెయ్యి ఇది. పెన్ను పట్టుకుంటే జారిపోతాంది. తప్పులుంటే సర్దుకోండి.

మేమిప్పుడు ఎమ్మిగనూరులో ఉండాం. మార్కెట్టు కాడ నాది సంగటి బండి. పొద్దున్నే మగ్గాలోళ్ళు, మూటలు మోసేటోళ్ళు వస్తారు. రెండు ముద్దలు, పుంటికూర పప్పు, నంజుకునేకి చెనిగ్గింజల ఊర్మిండి. తిని, చెయ్యి కడుక్కోని పోతారు. దినామూ అదే పని. కానీ ఒక్క క్షణం మాత్రం దినామూ కొత్తగానే ఉంటాది. మెత్తగా ఉడికిన బియ్యం మీద రాగిపిండి పోసి మూత పెడతాం కదా, రవంత సేపటికి మూత తీస్తే ఒక వాసన వస్తాది. ఎండకు కాలిన నేల మీద తొలి వాన పడినట్ల, కాసింత మాడినట్ల, కాసింత తియ్యగా. ఆ ఆవిరి మొగానికి కొట్టంగానే నాకు ఇన్నయ్య ఫాదరు కనపడతాడు. ఫాదరుకూ సంగటికీ ఏమి సంబంధం అంటారేమో. అదే చెప్పబోతాండా.

మా సొంతూరు హాలహర్వి పక్క. పేరు రాయను, రాస్తే బాధపడేటోళ్ళు ఇంకా ఉండారు. ఊర్లో మా క్రైస్తవులం రెండు వీధులు. పై వీధోళ్ళకు పొలాలు ఉండాయి. కింది వీధోళ్ళం ఆ పొలాల్లో పత్తి తీసేటోళ్ళం. కులం మాట నేను విప్పి రాయను, చదివేటోళ్ళకు తెలుస్తాది. గుడి ఒకటే. పూజ ఒకటే. కానీ గుళ్ళో పీఠానికి దగ్గర వాళ్ళు, తలుపు దగ్గర మేము. దివ్యసత్ప్రసాదం, అదే పూజలో ఫాదరిచ్చే అప్పం, ముందు వాళ్ళు తీసుకుంటారు, తర్వాత మేము. ఎవురూ రాసి పెట్టలేదు, ఎవురూ కొట్టి చెప్పలేదు. నేను పుట్టకముందు నుంచే అట్లనే ఉండె.

మా కాడ పిడికెడు బియ్యం అని ఒక ఆచారం ఉండాది. ఆడోళ్ళం బువ్వకు బియ్యం కొలిసి ఎసట్లో పోసే ముందు, సిలువ గురుతు వేసుకోని ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తాం. అది దేవుని పాలు. ఆదివారం ఆ బియ్యం గుడికి తీసుకపోయి పీఠం ముందర గంపలో పోస్తాం. ఇంట్లో ఎంత కరువున్నా మా యమ్మ ఆ పిడికెడు మానలేదు. పిడికిలి చిన్నదయ్యేదేమో గానీ, మానలేదు. అయితే మా గుళ్ళో గంపలు రెండు. కుడి పక్క గంప పై వీధోళ్ళది, సోనా బియ్యం, సన్నంగా తెల్లంగా. ఎడమ పక్క గంప మాది, రేషను కార్డు మీదిచ్చే స్టోరు బియ్యం, లావుగా. కుడి గంప బియ్యం ఫాదరు వంటకు, ఊరికొచ్చిన సిస్టర్లకు. ఎడమ గంపది వేలం వేసి కోళ్ళకూ బర్రెలకూ అమ్ముతాండ్రి. మా యమ్మ నోరు కట్టుకోని తీసిన పిడికెడు అది.

ఇన్నయ్య ఫాదరు గుంటూరు పక్క నుంచి వచ్చినాడు. సన్నంగా, పొడుగ్గా, అద్దాలు ముక్కు మీదికి జారతా ఉంటాయి. మాట మా మాదిరి కాదు, "ఏం చేస్తున్నావమ్మా" అని సాగదీసి మాట్లాడతాడు. మా ఆడోళ్ళు నవ్వుకుంటాండ్రి. ఆయప్పకు వంట చేసేదానికి ఉపదేశి చిన్నప్ప నన్ను కుదిర్చినాడు. ఉపదేశి అంటే ఫాదరు లేనప్పుడు గుళ్ళో జపం చెప్పేటాయప్ప. నేను వండితే పై వీధోళ్ళకు ఏమీ ఇబ్బంది లేదు, ఎందుకంటే తినేది ఫాదరు ఒక్కడే.

వచ్చిన మొదటి ఆదివారమే అడిగినాడు. "రెండు గంపలెందుకు చిన్నప్పగారూ?" ఉపదేశి తల గోక్కోని, "అది మా ఆచారం ఫాదర్" అనె. ఫాదరు సరేనన్నట్ల తలూపి ఊరుకున్నాడు. ఆయప్ప పద్ధతి అంతే. మొదట చూస్తాడు. చూసి, చూసి, చాలా దినాలు ఊరుకుంటాడు. మనం మరిచిపోయినాక అప్పుడు కదులుతాడు.

మధ్యాహ్నం పూట వసారాలో కుర్చీ వేసుకోని చదువుకుంటాండె. నేను అక్కడే కూసోని చేటలో బియ్యం చెరుగుతాంటిని. ఒక లావుపాటి పుస్తకం ఎప్పుడూ చేతిలో ఉంటాండె. ఒకనాడు అడిగితిని, "ఏముంది ఫాదరూ ఆ బుక్కులో? ఇన్ని దినాల్నుంచి సదువుతాండావు, అయిపోదా?"

"అయిపోయిందమ్మా. మళ్ళీ మొదలుపెట్టాను."

"అంత బాగుంటాదా?"

"ఈయన పరదేశంలో ఒక గురువమ్మా. ఈ కాలం మనిషే. శ్రీసభ అంటే ఏమిటో రాశాడు."

"దానికి బుక్కెందుకు? శ్రీసభ అంటే గుడి కాదు, నమ్మినోళ్ళమంతా. సత్యోపదేశంలో మాకు సిన్నప్పుడే నేర్పినారు."

ఆయప్ప నవ్వినాడు. పుస్తకం మూసి, వేలు మధ్యలో పెట్టుకోని చెప్పినాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ గుర్తు. "అందరూ ఏమనుకుంటారంటే, మనుషులు ముందు మంచివాళ్ళై, ఒకరితో ఒకరు కలిసిపోయి, ఆ తర్వాత బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటారని. ఈయన దాన్ని తిరగేసి చెబుతాడు సలోమీ. ముందు బల్ల. ఒకే అప్పం తింటే, ఆ తినడమే వాళ్ళని ఒక్క ఒళ్ళుగా చేస్తుంది. పూజ చేసేది శ్రీసభే, నిజమే. కానీ ఆ పూజ లేకపోతే శ్రీసభే పుట్టదు. ఒక్కడు ఒంటరిగా మోక్షానికి పోయే దారి లేదు, అందరం కలిసే పోవాలి, అంటాడు."

నేను చేట పక్కన పెట్టితిని. నోరు ఊరుకోలేదు. "మరి మేము తింటానే ఉండాం కదా ఫాదరూ. మా తాత కాలం నుంచి అదే అప్పం, అదే పూజ. యాడ ఒకటైనాం? ముందు వాళ్ళు తింటారు, ఎనక మేము తింటాం. బైటికొచ్చినాక నేను వాళ్ళింటి తపేలా ముట్టుకోకూడదు."

ఆయప్ప అద్దాలు తీసి తుడిసినాడు. మళ్ళా పెట్టుకున్నాడు. "అది ఈ పుస్తకంలో దొరకదమ్మా" అని లేచి లోపలికి పోయినాడు. కోపం వచ్చినాదేమో అని నేను భయపడితిని. కాదు. ఆ దినం నుంచి ఆయప్ప ఆలోచన చేస్తాండాడు, అంతే.

ఆ తర్వాత, పత్తి తీతలు అయిపోయిన కాలంలో, ఒక ఆదివారం పూజలో కానుకలెత్తే పాట పాడతాండాం. ఫాదరు పీఠం దిగి వచ్చినాడు. ఎడమ పక్క గంప, మా గంప, రెండు చేతుల్తో ఎత్తినాడు. ఎత్తి కుడి పక్క గంపలో గుమ్మరించినాడు. చేత్తో కలిపినాడు కూడా, మోచేతి దాకా. పాట ఆగిపాయె. పై వీధి లూర్దమ్మవ్వ ముందర వరసలో కూసోని ఉండె. పెద్ద మనిషి, ముక్కుకు రెండు పక్కలా ముక్కుపుడకలు, పై వీధిలో ఆమె మాటకు ఎదురు లేదు. ఆమె లేచి నిలబడె.

"సామీ! సోనా బియ్యంలో స్టోరు బియ్యం పోస్తివే! ఎట్ల ఏరేది యింగ?"

"ఏరలేమమ్మా" అన్నాడు ఫాదరు, నిమ్మళంగా. "అందుకే పోశాను. వచ్చే ఆదివారం పూజ అయ్యాక ఈ బియ్యమే వండుకుని అందరం ఇక్కడే తిందాం. సలోమి వండుతుంది."

నా పేరు వినంగానే గుళ్ళో తలలన్నీ తలుపు పక్కకు తిరిగె.

ఆ వారం ఊరంతా అదే మాట. పై వీధోళ్ళు ఉపదేశిని పంపినారు. నేను వంటింట్లో ఉండంగానే ఆయప్ప ఫాదరుతో అంటాండాడు, "తినేకి వాళ్ళకు ఇబ్బంది లేదు ఫాదర్. వంటకు మాత్రం ఆదోని నుంచి ఒక వంటాయన్ని పిలిపిద్దాం. అందరికీ మర్యాదగా ఉంటాది." ఎంత మెత్తగా చెప్పినాడు! చెంపదెబ్బ కొట్టింటే బాగుండు. నేను పొయ్యి ఆర్పి, కొంగు దులుపుకోని ఇంటికి పోతిని. మా ఇంటాయన గోడకు ఆనుకోని కూసోనుండె. "నీకెందుకే ఈ పీకులాట? వాళ్ళు తినకపోతే అందరి ముందర నీ మొగం యాడ పెట్టుకుంటావు? మానెయ్. పత్తి మిల్లులో కూలికి పోదాం, ఆడ ఎవురి సెయ్యి అని ఎవురూ అడగరు" అనె. ఆయన మాటలో తప్పేమీ లేదు. నేను వండి, ఎవురూ ముట్టకపోతే, ఆ గుళ్ళోకి మళ్ళా నేను అడుగు పెట్టలేను. అది నాకు తెలుసు. నా బిడ్డను కూడా తీసుకపోలేను.

మరుసటి దినం సాయంత్రం ఫాదరు మా ఇంటికే వచ్చినాడు. మా వీధిలోకి ఫాదరు సాయింకాలం ఒక్కడే నడిచి వచ్చేది అదే మొదలు. మంచం మీద కూసోని, చెంబు నీళ్ళు అడిగి తాగినాడు.

"మానేస్తానంటే బలవంతం చేయనమ్మా" అన్నాడు. "కానీ ఆదోని నుంచి ఎవరినీ పిలిపించను. నువ్వు వండకపోతే వంట ఉండదు, అంతే."

"నాకెందుకు ఫాదరూ ఈ శిక్ష?"

చెంబు కింద పెట్టినాడు. తర్వాత ఆ పుస్తకం రాసినాయప్ప గురించి చెప్పినాడు. ఆయప్పను కూడా కొంత కాలం, సొంత పెద్దోళ్ళే, పాఠం చెప్పొద్దని పక్కన కూసోబెట్టినారంట. చేసిన తప్పేమీ లేదంట. అయినా ఆయప్ప అలిగి పోలేదంట. శ్రీసభ నా తల్లి అనే రాసినాడంట. అదే సభలో పుణ్యాత్ములూ మేమే, పాపాత్ములూ మేమే, ఇది మచ్చ లేని గుంపు కాదు అని తెలిసే రాసినాడంట. చాలా దినాలకు ఆ పెద్దోళ్ళే మళ్ళా పిలిసి, నీ మాట చెప్పు అని అడిగినారంట.

నేను విన్నా. విని ఊరుకోలేదు. "తల్లి అయితే అందరు బిడ్డలకూ ఒకే గిన్నెలో నుంచి పెట్టల్ల కదా ఫాదరూ?"

ఆయప్ప మొగం వెలిగె. "ఆ మాట నేను ప్రసంగంలో చెబితే ఎవరూ వినరు సలోమీ. నువ్వు గరిటెతో అడుగు."

మా ఇంటాయన వాకిట్లో నుంచే, "ఫాదర్ గారూ, గరిటెతో అడిగితే వాళ్ళు గిన్నెతో కొడితే?" అనె. ఫాదరు ఎంత నవ్వినాడంటే అద్దాలు ఊడి మంచం కిందికి పోయినాయి. మా ఇంటాయనే వంగి వెతికిచ్చినాడు. ఇచ్చేటప్పుడు నా పక్క చూసి, "సరేలే, వండు. పుల్లలు నేను తెస్తా" అనె.

ఆదివారం వచ్చె. గుడి ఎనక మూడు రాళ్ళ పొయ్యి, పత్తికట్టె మంట, పెద్ద డేగిసా. పూజ అయిపాయె. కింది వీధోళ్ళు నేల మీద వరసగా కూసున్నారు. పై వీధోళ్ళు గోడ పక్కన నిలబడుకున్నారు, పోయేటట్ల కాదు, ఉండేటట్ల కాదు. ఫాదరు బోర్లించిన బుట్ట మీద కూసోని ఎర్రగడ్డలు తరుగుతాండాడు, కండ్లల్లో నీళ్ళు కారతాండాయి. నేను మూత తీస్తిని. తీసి, గరిటెతో ఒకసారి తిప్పి చూస్తిని.

ఇంట్లో రెండు రకాలు కలిపి వండినప్పుడు పిడికెడో దోసెడో, తేడా తెలీదు. ఇంత పెద్ద డేగిసాలో తెలిసిపాయె. సోనా బియ్యం ఎప్పుడో ఉడికి జావ అయిపోయినాది. స్టోరు బియ్యం ఇంకా పలుకు మీదనే ఉండాది. ఇంకా ఉడికిస్తే సన్నవి అడుగంటుతాయి. దింపితే లావువి పంటికి రాళ్ళు. నాకు ఎవురూ చెప్పలేదు, ఫాదరుకు అసలే తోచలేదు. గరిటె పట్టుకోని అట్లే నిలబడితిని. గోడ పక్క నుంచి ఎవురో, "కలవనివి కలిపితే అట్లే అయితాది" అనె. ఇంకెవురో నవ్వె. ఇద్దరు ముగ్గురు ఇంటి దోవ పట్టినారు.

అప్పుడు లూర్దమ్మవ్వ గోడ వదిలి వచ్చె. తిట్టేకే వచ్చె, నాకు తెలుసు. డేగిసాలోకి తొంగి చూసె. "ఏందే ఇది? బర్రెలకు పెట్టేకా? యావమ్మ నీకు వంట నేర్పింది?"

"ఏమి సేయల్ల అవ్వా, రెండు రకాలు..." అంటిని.

ఆమె గరిటె నా చేతిలో నుంచి గుంజుకొనె. ఒక మెతుకు వేళ్ళ మధ్య నలిపి చూసె. ఆమె మొగం మారిపాయె. కోపం పోలేదు గానీ, ఆ కోపం నా మీది నుంచి దిగి డేగిసా మీదికి పోయినాది. వండే ఆడదానికి పాడైపోతాండే బువ్వను చూస్తే అట్లనే ఉంటాది, ఇంగ వేరేది కనపడదు. "నీళ్ళు పొయ్యే! నిలబడుకుంటావేమి? మంట ఎగదొయ్యి. అన్నీ మెత్తగా కానీ. ఏయ్ శౌరమ్మా" అని కోడల్ని కేకేసె, "ఇంటికి పోయి రాగిపిండి తేపో. డబ్బాతోనే తే. ఇది బువ్వకు పనికి రాదు, సంగటి చేద్దాం. సంగటిలో సోనా అయితేనేమి, స్టోరు అయితేనేమి, రెండూ కనపడవు."

శౌరమ్మ పరిగెత్తె. మా వీధి ఆడోళ్ళు కూడా ఊరుకోలేదు, ఎవురింట్లో ఉండే పిండి వాళ్ళు తెచ్చిరి. పై వీధి పిండీ కింది వీధి పిండీ ఆ డేగిసాలోనే పడె. మూత పెడితిమి. ఆవిరొచ్చె. ఆ వాసన, నేను ముందు చెప్పినదే. అవ్వ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, కట్టె తీసుకోని కెలకబట్టె. అంత డేగిసాలో సంగటి కెలకల్లంటే ఒకరు గట్టిగా పట్టుకోవల్ల, లేకుంటే తిరిగిపోతాది. నేను తడిగుడ్డతో డేగిసా రెండు చెవులూ పట్టుకోని కూసుంటిని. ఆమె మొగానికీ నా మొగానికీ మధ్య జానెడు కూడా లేదు.

"గట్టిగ పట్టుకోవే! తినలేదా నువ్వు?"

"యాడ తింటి అవ్వా, పొద్దున్నుంచి భయంతోనే సరిపాయె."

"భయమెందుకే, నేనేమన్నా పులినా?" అనె. అని, రవంత ఆగి, "పులినే అనుకో" అనె. నాకు నవ్వొచ్చె. ఆమెకూ వచ్చె. చెమట ఇద్దరికీ కారతాండె. మా వీధిదో పై వీధిదో, ఆ చెమట కూడా ఏరేకి కాదు.

కెలికేది అయిపాయె. అవ్వ చెయ్యి చల్లనీళ్ళలో ముంచి, ఒక చిన్న ముద్ద తీసి, ఊది, నోట్లో వేసుకొనె. ఉడికినాదా లేదా అని చూసేకి. అలవాటు. ఏ ఆడదైనా అంతే చేస్తాది. నమిలి మింగినాక ఆమెకు గుర్తొచ్చినట్టుంది. నేను డేగిసా పట్టుకోని అట్లే ఆమె మొగం చూస్తాండా. ఆమె చుట్టూ చూసె, తర్వాత నన్ను చూసె.

"ఉప్పు తక్కువాయె" అనె.

అంతే. ఎర్రగడ్డలు పక్కన పెట్టి ఫాదరు లేచినాడు. ఇప్పుడు ప్రసంగం చెప్తాడు అనుకుంటిని. ఆ బుక్కులో మాటలన్నీ చెప్పేకి అంతకన్నా మంచి సమయం యాడ దొరుకుతాది? ఒక్క మాట చెప్పలేదు. కంచం చాచి, "అవ్వా, నాకొక ముద్ద" అన్నాడు. అవ్వ ఆయప్పకు వేసె. నాకు వేసె. నేను పొద్దున్నే వండి పెట్టిన పప్పు పోస్తా పోతిని. పై వీధోళ్ళు ఒకరొకరే గోడ వదిలి వచ్చి కూసున్నారు. అందరూ కూసున్నారని అబద్ధం రాయను. కొన్ని ఇండ్లోళ్ళు పోయిరి, ఆ తర్వాత కూడా చాలా దినాలు రాలేదు. కానీ కూసున్నోళ్ళు తిన్నారు. నేను పోసిన పప్పే తిన్నారు.

ఆ దినం నుంచి మా గుళ్ళో గంప ఒకటే. నెలకొక ఆదివారం సంగటి. లూర్దమ్మవ్వ ఉన్నన్ని దినాలు, "నువ్వు ఉప్పు వెయ్యొద్దే, నేనేస్తా" అని వచ్చి నా పక్కన కూసుంటాండె. ఎప్పుడూ తక్కువే వేస్తాండె. నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఇన్నయ్య ఫాదరును తర్వాత వేరే ఊరికి మార్చినారు. ఇప్పుడు ముసలి ఫాదర్లు ఉండే ఇంట్లో ఉండాడు. చెవులు సరిగా వినపడవు. పండగ పండక్కీ నేను ఫోను చేస్తా. ఎవురని గుర్తు పట్టేకి రవంత సేపు పడతాది. గుర్తు పట్టినాక ఆరోగ్యం గురించి అడగడు, పిల్లోళ్ళ గురించి అడగడు. మొదట ఒకటే అడుగుతాడు.

"సలోమీ, గంప ఒకటేనా?"

"ఒకటే ఫాదరూ" అని గట్టిగా అరిసి చెప్తా. మార్కెట్టులో అందరూ తిరిగి చూస్తారు. ఆయప్ప అవతల నవ్వేది వినపడతాది.

ఆ పరదేశపు గురువు పేరు కూడా ఫాదరు నాకు చెప్పినాడు, కానీ నాకు నోరు తిరగదు. ఆయప్ప రాసినదంతా నాకు అర్థమైనాదని కూడా చెప్పను. ఒకటి మాత్రం నా చేతికి తెలుసు. మనుషులు ఒకటైనాక కూసోని తినేది కాదు. తినంగా తినంగా, తెలీకుండానే, ఒకటైతారు. ఈడ ఎమ్మిగనూరులో నా బండి కాడ మా దేవుడు తెలియనోళ్ళే ఎక్కువ. అయినా పొద్దున్నే బియ్యం కొలిసేటప్పుడు ఒక పిడికెడు పక్కన తీస్తా. నెలకొకసారి ఊరికి పోయి ఆ ఒక్క గంపలో పోస్తా. పోసినాక చేత్తో రవంత కలుపుతా, ఆయప్ప కలిపినట్ల.

చాలా రాసినా. ఒత్తులు తప్పింటాయి, మాటలు ముందువి ఎనక పడింటాయి. కోపం చేసుకోవద్దండి. లూర్దమ్మవ్వ మాదిరి "ఉప్పు తక్కువాయె" అని ఒక మాట అనుకోని, ముద్ద మాత్రం తినిపొండి.